సోమవారాలు, తొమ్మిదీ అయిదు

"ఆ పుస్తకం నాకియ్యవ్వా. ఇంగ దాంతో నీకేం పని?"

"నాకు పని లేనిదాంతో నీకేం పని?"

"నాకు గాదు. ఆమెకు కావాలంట."

"కావాలంటే ఆమెనే వచ్చి అడగమను. మధ్యలో నువ్వెవరు? ఆమె కడుపున పుట్టినావా?"

"రెండు పుస్తకాలు ఉండగూడదంటవ్వా. రేపు ఎవురన్నా అడిగితే ఒకటే కనపడాలంట."

"అట్లయితే రెండోది చింపమను. ముందు రాసింది నాది."

"నువ్వు పని చెయ్యలేదని ఎవురన్నారు?"

"కాగితం అంటాంది గదనే. నువ్వు కొట్టిన కాగితమే అంటాంది."

నా మనవరాలు, మా పెద్ద కూతురి బిడ్డ, తన మంచం మీద కూర్చుని ఫోను చూస్తూనే ఈ మాటలన్నీ అంది. కువైట్‌లో, రుమైథియా అనే పేటలో మేమిద్దరం పనిచేసే ఇంటి వెనక, వంటింటిని ఆనుకుని మా గది ఉంది. రెండు మంచాలు, ఒక బీరువా, కిటికీకి నేను కుట్టిన పాత దుప్పటి పరదా. ఆదివారం మధ్యాహ్నం, గిన్నెలు కడిగి అప్పుడే వచ్చి కూర్చున్నాం. పుస్తకం నా పెట్టె అడుగున, చీరల కింద ఉంది. ఆ సంగతి పిల్లకూ తెలుసు. తెలిసి కూడా లేచి తీసుకోకుండా నన్నే అడుగుతోంది కదా, ఇంకా అంతకు దిగజారలేదులే అనుకున్నాను.

ఆ పుస్తకం ఏమిటో చెప్పాలి.

ఇక్కడ ఇంటి యజమానురాలిని మామా అంటాం. మా వైపు మామ అంటే మగమనిషి కాబట్టి, వచ్చిన కొత్తలో ఆడమనిషిని అలా పిలవడానికి నాకు నోరు తిరగలేదు. ఆమె కూతురు చిన్న మామా. నేను ఈ ఇంటికి వచ్చి ఇరవై రెండేళ్లయింది. వచ్చినప్పుడు చిన్న మామాకు పన్నెండేళ్లు. బడికి పోయేముందు జడ వేయించుకోవడానికి నా ముందు వీపు పెట్టి కూర్చునేది. చిక్కు లాగితే నా మోకాలు గిల్లేది.

ఆమె పుట్టింది మాత్రం అమెరికాలో. వాళ్ల నాయన అక్కడ చదువుకునే రోజుల్లో పుట్టిందట. మాటలు రాకముందే ఎత్తుకుని వచ్చేశారు. కానీ అక్కడ పుట్టినందుకు, ఏ దేశంలో బాడుగ వచ్చినా ఏడాదికొకసారి ఆ సర్కారుకు చెప్పుకోవాలట. బ్నీద్ అల్ గార్‌లో వాళ్ల నాయన ఆమెకిచ్చిన బిల్డింగ్ ఒకటి ఉంది. మూడంతస్తులు, తొమ్మిది ఇళ్లు, అన్నీ బాడుగవే. దాన్ని చూసుకునే కాపలా మనిషి తన ఊరికి పోయి తిరిగి రాలేదు. కొత్తవాడు దొరికేదాకా అని నన్ను పంపారు. కొత్తవాణ్ణి ఎవరూ వెతకలేదు.

పోయిన జనవరిలో ఒకరోజు చిన్న మామా కారులో వెనక్కి తిరిగి నాతో చెప్పింది. బిల్డింగ్‌లో ఎన్ని గంటలు పనిచేస్తే అన్ని గంటలు రాసిపెట్టు అంది. ఎప్పుడు మొదలుపెట్టావో, ఎప్పుడు ముగించావో, ఏం చేశావో రాయాలంది. ఎనిమిది గంటలయితే ఒక రోజు. ఏడాది చివర ఆ రోజులన్నీ కూడి నీ ఇజాజాకు కలుపుతాను అంది. ఇజాజా అంటే సెలవు. ఏడాదికి నాకు ముప్పై రోజులే ఉంటుంది, దాంట్లో రానూ పోనూ నాలుగు రోజులు పోతాయి.

నేను ఆమె నోటిని నమ్మాను. జడ వేసిన పిల్ల.

చదువు నాకు మూడో తరగతి దాకానే. అక్షరాలు నిదానంగా వస్తాయి, ఒత్తుల దగ్గర తడబడతాను. అంకెలు మాత్రం ఎవరి ముందైనా వేస్తాను. పుస్తకం కొనలేదు. ఈ ఇంటి పిల్లలు సగం కూడా రాయని నోటుపుస్తకాలను బడి ఏడాది కాగానే చెత్తలో వేస్తారు. వాటిలో తెల్ల కాగితాలు చింపి, దొంతర పెట్టి, దబ్బనంతో కుట్టాను. అరబ్బీ రాయడానికి చేసిన కాగితాలు కాబట్టి ఎర్ర గీత కుడివైపు ఉంటుంది. ఆ గీతకు అవతల గంటలు వేసేదాన్ని. ఇవతల పని రాసేదాన్ని. "మెట్లు కడిగినా." "ఏసీ ఆయనకు తలుపు తీసినా, బాగు చేసిందాక ఉన్నా." "ఖాళీ ఇల్లు ముగ్గురికి చూపించినా." ఇలాంటివి.

దారిలో పోయిన సమయం రాయలేదు. టీ తాగిన సమయం రాయలేదు. రెండో అంతస్తులో మా నందలూరు వైపు పిల్ల ఒకతె కాపురం ఉంటుంది. ఆమెకు జ్వరమొస్తే గంజి కాచి తాగించి, పక్కన కూర్చున్నాను. ఆ గంటన్నర అలవాటు కొద్దీ రాసి, తరువాత ఆలోచించి కొట్టేశాను. అది బిల్డింగ్ పని కాదు. నా ఇష్టం కొద్దీ చేసింది. అలా కొట్టేసినవి ఏడాదిలో చాలా ఉన్నాయి. అడ్డంగా ఒక గీత గీసేదాన్ని, కింద రాత కనబడుతూనే ఉండేది.

ఇంకొక కట్టుబాటు ఉంది నాకు. రాహుకాలంలో బిల్డింగ్ కాపలా గది తాళం తీయను. పని మొదలుపెట్టను. మా అమ్మ నేర్పింది. ఏ రోజు ఏ వేళకు వస్తుందో వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టించి వల్లె వేయించింది. బడి నేర్పింది మరిచిపోయాను గానీ అది మరవలేదు. డ్రైవరు నన్ను రోజూ ఏడూ నలభైకి బిల్డింగ్ దగ్గర దింపుతాడు. మిగతా రోజుల్లో ఇబ్బంది లేదు, ఏడూ నలభై అయిదుకు తాళం తీసి, అదే రాసేదాన్ని. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం. ఆ రోజు చీపురూ బకెట్టూ పక్కన పెట్టుకుని, కింది మెట్టు మీద కూర్చుని ఉండేదాన్ని. ఎండాకాలమైనా చలికాలమైనా అంతే. తొమ్మిది దాటాక లేచి తాళం తీసేదాన్ని. కూర్చున్న సమయం నాది, బిల్డింగుది కాదు. కాబట్టి నా పుస్తకంలో సోమవారాలన్నీ తొమ్మిదీ అయిదుకు మొదలవుతాయి.

డ్రైవరు కేరళ ఆయన. నాతో హిందీలో మాట్లాడతాడు. సోమవారం నన్ను దింపేటప్పుడు, "ఆజ్ రాహు డ్యూటీ మే హై క్యా, అమ్మా?" అని నవ్వేవాడు. "ఆయన సెలవు పెట్టడు, నీ మాదిరి కాదు" అని నేను తెలుగులోనే చెప్పేదాన్ని. అర్థమయ్యేదో లేదో, ప్రతి సోమవారమూ నవ్వేవాడు.

ఇంత కచ్చితంగా రాయడానికి కారణం మా అమ్మ. అంతకుముందు ఏడు వానాకాలం నుంచే మంచంలో ఉంది. మా తమ్ముడి భార్య చూసుకుంటోంది, ఆమెను తప్పుపట్టను. కానీ మా అమ్మకు నేనొక్కతెనే కూతురిని, ఇరవై రెండేళ్లుగా ఆమె దగ్గర ఒక్కసారి కూడా నెల నిండా ఉండలేదు. ఫోనులో ఏ మాట మాట్లాడినా చివరికి, "ఎన్నాళ్లుంటావే ఈసారి?" అని అడుగుతుంది. డిసెంబరు చివర పుస్తకం కూడితే ఆరు వందల తొంభై గంటలయ్యాయి. ఎనభై ఆరు రోజులు, పైన రెండు గంటలు. ఆ రెండు గంటలు వదిలేశాను. ముప్పై రోజులతో కలిపితే దాదాపు నాలుగు నెలలు.

"నాలుగు నెలలుంటామ్మా" అని ఫోనులో చెప్పాను.

మా అమ్మ, "ఇంగో మంచం ఏపిస్తా" అంది. మరుసటి రోజే తన పక్కన నాకు మంచం వేయించిందని తమ్ముడు చెప్పాడు.

ఆ కూడిక చేసిపెట్టింది నా మనవరాలే. ప్రతి శుక్రవారం నేను పుస్తకం చదివితే, పిల్ల ఫోనులో అంకెలు నొక్కేది. డిగ్రీ చదివిన పిల్ల. దాన్ని ఈ ఇంటికి రప్పించమని మామాను బతిమాలింది నేనే. ఇక్కడికి వచ్చి ఏడాదిన్నరయింది. పిల్లలను చూసుకుంటూ, చిన్న మామాకు కంప్యూటర్‌లో కాగితాలు కూడా కొట్టిపెడుతుంది. ఈ మధ్య ఒకసారి నా పుస్తకం అడిగి నాలుగు రోజులు తన దగ్గర ఉంచుకుంది. "తప్పులున్నాయేమో సరిసూస్తా అవ్వా" అంది. నేను మురిసిపోయాను కూడా.

పోయిన గురువారం ఇస్త్రీ బల్ల మీద కాగితాల కట్ట ఒకటి కనబడింది. పిల్లలు అటు వస్తే చింపుతారని తీసి పైన పెట్టబోయాను. ఇంగ్లీషు నాకు రాదు. కానీ చిన్న మామా పేరు ఇంగ్లీషులో ఎలా ఉంటుందో తెలుసు. రోజూ ఆమెకు వచ్చే పార్సిళ్లు తీసుకునేది నేనే. ఆ పేరు ప్రతి కాగితం నెత్తినా ఉంది. దాని కింద తేదీలు, గంటలు.

అంకెలు కదా, చూశాను. ఏడూ నలభై అయిదు. ఏడూ నలభై అయిదు. తరువాత తొమ్మిదీ అయిదు. మళ్లీ ఆరు వరసలు ఏడూ నలభై అయిదు, మళ్లీ తొమ్మిదీ అయిదు. గోడ మీది క్యాలెండరు దించి తేదీలు సరిచూశాను. తొమ్మిదీ అయిదు పడినవన్నీ సోమవారాలు.

చిన్న మామా పదకొండుకు ముందు ఏ రోజూ లేవదు. ఆ బిల్డింగ్ మెట్లు ఎన్నో ఆమెకు తెలియదు. కానీ ఆ కాగితాల ప్రకారం ఆమె ఏడాది పొడుగునా పొద్దున్నే పోయి తాళం తీసింది, సోమవారం వస్తే రాహుకాలం దాటేదాకా ఆగి తీసింది.

ఇంకా చూశాను. నేను కొట్టేసిన గంటలు కూడా అందులో ఉన్నాయి. జ్వరమొచ్చిన పిల్లకు గంజి కాచిన గంటన్నర కూడా ఉంది. చివరి కాగితం అడుగున కూడిక ఏడు వందల యాభై మూడు.

మనవరాలిని పిలిచి ఇదేంటని అడిగాను. "అది ఆఫీసు కాగితంలే" అంది. తొమ్మిదీ అయిదు మీద వేలు పెట్టి నిలబడ్డాను. అప్పుడు చెప్పింది. బాడుగ ఇళ్ల పని ఏడాదిలో ఏడు వందల యాభై గంటలు స్వయంగా చూసుకున్నట్టు పుస్తకం చూపిస్తే, ఆ దేశంలో చిన్న మామాకు పన్ను తగ్గుతుందట. వేరేవాళ్లు చేసిన గంటలు పనికిరావట. నా పుస్తకం నా కోసం రాయించలేదు. మొదటి రోజు నుంచే దీనికోసం రాయించింది.

"నేను కొట్టేసినవి ఎందుకు కలిపినావే?" అన్నాను.

"చాలకపోతే ఏం చేస్తాను?" అంది.

మరుసటి రోజు చిన్న మామా లేచాక కాఫీ తీసుకుని ఆమె గదికి పోయాను. నా ఇజాజా రోజులు అడిగాను. అద్దంలో నన్ను చూస్తూ నవ్వింది. నువ్వు ఎవరు, నా మనిషివి కదా అంది. నువ్వు చేస్తే నేను చేసినట్టే, మన మధ్య నీ గంట, నా గంట అని ఉంటుందా అంది. ఎంతో ప్రేమగా అంది. ఇజాజా ఎప్పటి లాగే ముప్పై రోజులు, ఈద్ అయ్యాక పొమ్మంది. నీ గంటలని ఎక్కడైనా ఒప్పుకుంటే ఆ కాగితాలు చెల్లవు, కాబట్టి వాటి మాట మరిచిపొమ్మంది. మా అమ్మ సంగతి చెప్పాను. పాపం అంది. నేనింకా నిలబడి ఉంటే, "ఖలాస్" అని దువ్వెన అందుకుంది.

కాఫీ కప్పు అక్కడే పెట్టి కిందికి వచ్చాను. పెద్దామెకు చెప్పుకుందామా అనుకున్నాను. కూతురి మాట కాదని నా మాట వినే తల్లి ఎక్కడుంటుంది? నాకూ కూతుళ్లున్నారు. మానుకున్నాను.

ఆ రెండు రోజులూ పిల్లతో మాట్లాడలేదు. ఆదివారం అదే వచ్చి పుస్తకం అడిగింది. ఆ గొడవే మొదట చెప్పాను.

"ఆమె నీకేం ఇస్తానంది?" అని అడిగాను.

ఫోను పక్కన పెట్టింది. "ఇఖామా మారుస్తానంది. ఇంటి పని తీసి ఆఫీసు మీద ఏపిస్తానంది. కువైట్ సిటీలో వాళ్ల ఆఫీసులో కుర్చీ ఏసుకుని కూచుంటా." ఇఖామా అంటే ఇక్కడ ఉండి పనిచేయడానికిచ్చే అనుమతి కాగితం.

"మంచిదే. నాకు ముందే చెప్తే సంతోషపడేదాన్ని గదా."

"చెప్తే పుస్తకం ఇచ్చింటావా?"

"ఇచ్చిండను."

"అందుకే చెప్పలేదు."

అందులో అబద్ధం లేదు. నేను మా అమ్మ మంచం గురించి చెప్పాను. పక్కన వేయించిన మంచం గురించి కూడా చెప్పాను.

"ముసిలవ్వకు ముప్పై దినాలు చాలవా?" అంది.

నేను చెయ్యెత్తే మనిషినే. దీని అమ్మకు తెలుసు. కానీ ఆరోజు చెయ్యి లేవలేదు. కిటికీ పరదా సర్దాను, అది సరిగానే ఉంది.

"ఇరవై రెండేండ్లు ఈ వంటింట్లో ఉన్నావు నువ్వు. నన్ను గూడా ఉండమంటావా అవ్వా?"

"ఉండమన్లే. పోవాలంటే పో. నా గంటలు తొక్కుకుంటా పోవద్దంటాండా."

"ఏం తొక్కినాను? ఉన్నదున్నట్టు కొట్టినా. ఒక్క నిమిషం మార్చలేదు."

"మార్చి ఉంటే బాగుండేది. సోమవారం తొమ్మిదీ అయిదంట. ఆ తల్లి ఏనాడన్నా తొమ్మిదికి కండ్లు తెరిచిందా? రాహుకాలం పాటించే అరబ్బామెను యాడన్నా చూసినావా నువ్వు?"

పిల్లకు నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూసింది గానీ ఆగలేదు. "అమెరికావాళ్లకు రాహుకాలం తెలీదులే అవ్వా" అంది.

నాకూ మూతి కదిలింది. అక్కడితో ఆగి ఉంటే మళ్లీ కలిసేవాళ్లమేమో తెలియదు. పిల్ల మంచం దిగి వచ్చి నా పక్కన కూర్చుంది. నా చెయ్యి పట్టుకుంది. "ఇయ్యవ్వా" అంది మళ్లీ. ముందు నవ్వింది కూడా దీని కోసమేనేమో అనిపించింది.

"ఇయ్యను" అన్నాను. "మీ ముసిలవ్వ పోయినంక అడిగేవాళ్లుంటారు. ఎందుకు రాలేదని అడుగుతారు. అప్పుడు చూపిస్తా. నాకు ఎనభై ఆరు దినాలుండాయి, ఎవరు తీసుకున్నారో చూడండి అని."

"ఎవురికి చూపిస్తావు? నాయన ముందర నా పరువు తీస్తావా?"

"నీ పేరు అందులో యాడుంది? ఆమె పేరే గదా పెట్టినావు."

పిల్ల లేచి వంటింట్లోకి పోయింది. పెట్టెకు తాళం వేద్దామని ఒకసారి అనుకున్నాను. సొంత బిడ్డ ఉన్న గదిలో పెట్టెకు తాళం వేయడానికి సిగ్గేసి వేయలేదు.

పొద్దున నేను లేచేటప్పటికి పిల్ల మంచం సర్ది ఉంది. దుప్పటి నాలుగు మడతలు పెట్టి ఉంది, నేను నేర్పినట్టే. పెట్టె మూత తీశాను. చీరలు తీసిన వరస మారకుండా తిరిగి పెట్టింది. అడుగున నా పుస్తకం లేదు. ఆ చోట కొత్త నోటుపుస్తకం ఉంది. సందు చివరి కొట్లో అమ్మేది, గట్టి అట్టది, ఇంకా కవరు కూడా విప్పలేదు.

ఏడు గంటలకు చిన్న మామా మెట్లు దిగి వచ్చింది. ఇరవై రెండేళ్లలో ఆమెను ఆ వేళకు నేను చూసింది బడి రోజుల్లోనే. నల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకుని నా మనవరాలు ఆమె వెనక నడిచింది. చేతిలో ఫైలు ఉంది. వంటింటి వైపు చూడలేదు. ఇద్దరూ చిన్న మామా కారులో కువైట్ సిటీకి పోయారు.

పెద్దామె బిల్డింగ్ తాళాల గుత్తి నా చేతికిచ్చి, "యల్లా" అని తొందరపెట్టింది.

డ్రైవరు ఏడూ నలభైకి దింపాడు. "అమ్మా, ఆజ్ సోమవార్ హై" అన్నాడు. తెలుసన్నాను. ఆయన ఈసారి నవ్వలేదు, కారు తిప్పుకుని పోయాడు. చీపురూ బకెట్టూ తీసుకుని కింది మెట్టు దాటి పైకెక్కాను. కూర్చుని ఆగినా ఆ తొమ్మిదీ అయిదు ఇంక నాది కాదు. రాహుకాలంలోనే, ఏడూ నలభై అయిదుకు తాళం తీశాను. కొత్త పుస్తకం గదిలోనే వదిలి వచ్చాను. మూడో అంతస్తు నుంచి మెట్లు కడగడం మొదలుపెట్టాను.